అండమాన్ స్కూబా ప్యాకేజీ కొనేవాళ్లు జాగ్రత్త: డైవ్ చేసిన రోజే ఫ్లైట్ ఎక్కిస్తున్నారు

అండమాన్ ప్యాకేజీకి డబ్బులు కట్టే ముందు చివరి రోజు ప్లాన్ చూడండి. మాకు అమ్మినదాంట్లో పొద్దున్నే హేవ్‌లాక్ దీవిలో రెండు స్కూబా డైవ్‌లు, వెంటనే ఫెర్రీలో పోర్ట్‌బ్లెయిర్, మధ్యాహ్నం హైదరాబాద్ ఫ్లైట్. డైవ్ చేసి ఫ్లైట్ ఎక్కొచ్చా అని ముందే అడిగాం. "12 మీటర్ల లోతే కదండీ, ఏం కాదు, రోజూ పంపిస్తూనే ఉన్నాం" అన్నారు.

వాళ్లే తీసిచ్చిన వీడియోలో మా తమ్ముడి పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ చేతికున్న లోతు చూపే మీటర్ 17 మీటర్లు చూపిస్తోంది. పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం పద్ధతి. బోటులో తర్వాతి బ్యాచ్ రెడీగా ఉందని ఎక్కడా ఆపకుండా లాక్కొచ్చేశారు.

ఫ్లైట్ లేచిన కాసేపటికి వాడికి ఎడమ భుజం నొప్పి మొదలైంది. బెణికిన నొప్పిలా కాదు, ఎక్కడో లోపల ఎముక దగ్గర పట్టేసి, నొక్కినా తెలియక, చెయ్యి ఎటు పెట్టినా తగ్గక. ఇంటికొచ్చేసరికి పొట్ట మీద దురద, ఎర్రగా నీలంగా మచ్చలు, వేళ్లలో తిమ్మిరి, లేచి కూర్చోలేనంత నీరసం. దగ్గర్లోని క్లినిక్‌లో కండరం పట్టిందని పెయిన్‌కిల్లర్ ఇచ్చి పంపేశారు. మర్నాడు ఇంకో డాక్టర్‌కి డైవింగ్ సంగతి చెప్తే అప్పుడు తేలింది డీకంప్రెషన్ సిక్‌నెస్ అని, అంటే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి ఒంట్లో గాలి బుడగలు కట్టే జబ్బు. హైపర్‌బేరిక్ చాంబర్‌లో ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఇచ్చాకే తమ్ముడు తేరుకున్నాడు.

లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరిగి, మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, కండల్లో కరుగుతుంది. మెల్లగా పైకొస్తే ఊపిరితో బయటికి పోతుంది, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే ఒంట్లోనే బుడగలు కడుతుంది. ఒడ్డుకొచ్చాక కూడా గంటల తరబడి మిగిలే ఉంటుంది. విమానం లోపల ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత తక్కువ. అందుకే ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, అంతకన్నా ఎక్కువైతే కనీసం 18 గంటలు ఆగి ఫ్లైట్ ఎక్కాలంటారు. మమ్మల్ని అదే రోజు ఎక్కించారు! బుడగలు వెన్నుపాముకి తగిలితే కాళ్లు పడిపోవచ్చు, మూత్రం ఆగిపోవచ్చు. ఇంత ప్రమాదాన్ని దాచి ఎలా అమ్ముతారో నాకైతే అర్థం కాదు.

డబ్బులు కట్టకముందే అడగండి, బోటులో ఆక్సిజన్ సిలిండర్ ఉందా, దగ్గర్లో చాంబర్ ఎక్కడుంది అని. నీళ్లు నమిలితే ఆ ప్యాకేజీ వదిలేయండి. డైవ్ తర్వాత కీళ్ల నొప్పి, తిమ్మిరి, కళ్లు తిరగడం లాంటివి వస్తే వెంటనే ఆక్సిజన్ పెట్టించి ఆసుపత్రికి తీసుకెళ్లండి, డాక్టర్‌కి మొట్టమొదట డైవ్ చేశామని చెప్పండి. తగ్గుతుందేమోనని మళ్లీ నీళ్లలోకి దింపొద్దు.

ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లు ఈరోజే ఫోన్ చేసి డైవ్‌ని ట్రిప్ మొదటి రోజుల్లోకి మార్పించుకోండి. కుదరదంటే డైవ్ మానేయండి, లేదా ఫ్లైట్ మర్నాటికి మార్చుకోండి.