మంచం మీద గంటలు తగ్గించాకే నిద్ర పట్టింది: ఇన్సోమ్నియా కోచ్ యాప్‌తో నా అనుభవం

మేముండేది డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో. హైదరాబాద్ టీమ్‌తో నా కాల్ రాత్రి పదిన్నరకి. అది ముగించి పక్క మీద వాలితే రెండు దాకా కన్ను మూతపడేది కాదు. రెండేళ్లు ఇదే తంతు. మెలటోనిన్ గమ్మీలు డబ్బాలకు డబ్బాలు అయిపోయాయి. "కళ్ళు మూసుకుని కదలకుండా పడుకో తల్లీ, అదే పడుతుంది" అనేది అమ్మ ఫోన్‌లో. అలాగే చేశాను. ఎనిమిది గంటలు మంచం దిగేదాన్ని కాదు.

మా డాక్టరమ్మ ముందు గురక ఉందా అని అడిగి, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) లేదని తేల్చుకుని, మాత్రలు కాదు, సీబీటీ-ఐ చేయమన్నారు. అంటే నిద్ర చుట్టూ ఉన్న ఆలోచనల్ని, అలవాట్లని మార్చే చికిత్స. దీర్ఘకాల నిద్రలేమికి మొదట ఇవ్వాల్సిన చికిత్స ఇదేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2016లోనే చెప్పింది. థెరపిస్ట్ దొరికేలోపు ఈ ఇన్సోమ్నియా కోచ్ యాప్ పెట్టుకోమన్నారు. అమెరికా వెటరన్స్ అఫైర్స్ శాఖ మాజీ సైనికుల కోసం చేయించింది, కానీ ఎవరైనా వాడుకోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, అకౌంట్ కూడా అక్కర్లేదు.

నాకు బాగా పనికొచ్చింది అందులోని నిద్ర డైరీ. ఎన్నింటికి పడుకున్నాను, ఎంతసేపటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎన్నింటికి లేచాను. పొద్దున రెండు నిమిషాల పని. వారం తిరిగేసరికి లెక్క కళ్ళముందుంది: మంచం మీద 8 గంటలు, నిద్ర 5 గంటల 12 నిమిషాలు. అంటే మంచం మీదున్న టైమ్‌లో నిద్రపోయింది 65 శాతమే.

ఆ డైరీ చూసి డాక్టరమ్మ నాకు మంచం మీద ఐదున్నర గంటలే ఇచ్చారు. రాత్రి 12:30కి ముందు పడుకోకూడదు, ఉదయం 6కి లేచి తీరాలి. నాకు ఏడుపొచ్చింది. నిద్ర పరిశోధకుడు ఆర్థర్ స్పీల్‌మన్ బృందం 1987లో ప్రచురించిన పద్ధతి ఇది. ఆకలి లేకుండా విస్తరి ముందు కూర్చుంటే ముద్ద దిగదు కదా, నిద్రా అంతే. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుని నిద్ర ఆకలి పెరుగుతుంది. పట్టకపోతే లేచి వేరే గదిలోకి వెళ్లాలన్నది రెండో నియమం. మంచం అంటే టెన్షన్ అని శరీరం నేర్చుకున్నది అలాగే వదులుతుంది.

మొదటి పది రోజులు నరకం. మధ్యాహ్నం కళ్ళు మూసుకుపోయేవి, కారు తీయడం మానేసి మావారితో వెళ్లాను. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఇది మొదలుపెట్టకండి. నా విషయానికొస్తే, మూడో వారానికి ఆ 65 శాతం కాస్తా 90 దాటింది. అప్పటి నుంచి మంచం మీద ఉండే టైమ్‌ని వారానికి 15 నిమిషాల చొప్పున పెంచుకుంటూ వచ్చాను.

పొద్దున లేవగానే బయట ఎండలో నడక కూడా పెట్టుకున్నాను. మన లోపలి గడియారం సగటున 24 గంటల కంటే కాస్త ఎక్కువే తిరుగుతుందట, దాన్ని రోజూ సరిచేసేది వెలుగే.

లోటు ఒకటే, ఇది తెలుగులో లేదు. గుంటూరులో అమ్మకి కూడా నిద్ర పట్టదు. అందుకే రూళ్ల పుస్తకంలో డైరీ గళ్ళు గీసి పంపాను. రోజూ పొద్దున్నే నింపి వాట్సాప్‌లో ఫోటో పెడుతోంది.