ఉదయగిరి, భైరవకోన, ఒంగోలు: హైవే మీద బండి ఊగుడుకు దొరికిన వైద్యం

నెల్లూరు నుంచి ఆత్మకూరు, ఉదయగిరి, సీతారామపురం మీదుగా భైరవకోన చేరే దారి మట్టి దారికీ తారు రోడ్డుకీ పనికొచ్చే డ్యూయల్ స్పోర్ట్ బైకుకు తగిన దారి. 1514లో కృష్ణదేవరాయలు గెలుచుకున్న ఉదయగిరి దుర్గానికి ఉదయమే ఎక్కాలి, ఎండ ముదిరితే మెట్ల మీద నిలవలేము. కోనలో కొండను తొలిచిన 8 శివాలయాలనూ, పక్కనే దూకే జలపాతాన్నీ తీరికగా చూడాలి. ఈ దారిలోని గతుకులన్నిటిలో 21 అంగుళాల ముందు చక్రం ఎక్కడా తడబడలేదు.

కనిగిరి, పొదిలి దాటి ఒంగోలు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, వేగం 80 కిలోమీటర్లకు చేరగానే బండి వెనక నుంచి మెల్లగా అటూ ఇటూ ఊగసాగింది. లారీల పక్కనుంచి వెళ్లేటప్పుడు హ్యాండిల్ కూడా విడిగా వణికింది. ఇవి రెండూ వేర్వేరు లక్షణాలు. బండి మొత్తం ఊగితే వెనక బరువును, టైర్లలో గాలిని, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ కీలులోని బుష్షులను చూడాలి; హ్యాండిల్ ఒక్కటే వణికితే ముందు టైరును, చక్రం బేరింగులను, హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల జత అయిన కోన్ సెట్‌ను చూడాలి. ఆ క్షణంలో ముందు బ్రేకు గట్టిగా పట్టడం ప్రమాదం. హ్యాండిల్‌ను బిగించి పట్టకుండా యాక్సిలరేటర్ నెమ్మదిగా తగ్గించాలి. రాళ్ల దారి కోసం తగ్గించిన గాలిని పొదిలిలోనే నింపించాను కనుక ఆ అనుమానం లేదు.

ఒంగోలులో మొదట వెళ్లిన సర్వీస్ సెంటర్‌లో బండిని సందులో ఒక చుట్టు తిప్పి, ఈ రకం బండ్లు ఇలాగే ఉంటాయని చెప్పి, వాటర్ వాష్‌కు బిల్లు వేశారు. హైవేలో వచ్చే లోపాన్ని సందులో పరీక్షించడం నాకు ఏ మాత్రం నచ్చలేదు. కర్నూలు రోడ్డు వైపు ఉన్న చిన్న షాపు మెకానిక్ మాత్రం బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, ముందు చక్రం గాలిలోకి లేచేలా వెనక బరువు పెట్టించి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్లను కింద పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగాడు. టక్కుమని చిన్న చప్పుడు వినిపించింది. తర్వాత హ్యాండిల్‌ను ఒక వేలితో తిప్పితే సరిగ్గా మధ్యలో పట్టుకున్నట్టు ఆగింది. కోన్ సెట్ వదులైంది, పైగా బాల్స్ ఆనే చోట గుంటలు పడ్డాయి.

"పెట్టెలో ఏం పెట్టావన్నా, ఇంత బరువుంది?" అని అతను అడిగాడు. నీళ్ల క్యాను, పనిముట్లు వెనక ఇరుసు కంటే వెనక్కు ఉండి ముందు చక్రాన్ని తేలిక చేస్తున్నాయని చూపించి, వాటిని సీటు మీదికి మార్పించాడు. వెనక స్ప్రింగు కూడా కొంత బిగించాడు.

కోన్ సెట్ నెల్లూరు నుంచి బస్సు పార్శిల్‌లో రావలసి ఉన్నందున ఒక రాత్రి బస్టాండు దగ్గరి లాడ్జిలో గడిచింది. గది శుభ్రంగా ఉన్నా హారన్ల మోతకు నిద్ర కష్టం. సొంత బండితో వచ్చేవారు గేటు, కాపలా ఉన్న లాడ్జినే ఎంచుకోవాలి, గదిలో ఏసీ ఉందా లేదా అన్నది ఆ తర్వాతి మాట. ఆ సాయంత్రం ఆటోలో వెళ్లి చూసిన కొత్తపట్నం తీరం బాగుంది.

కొత్త కోన్ సెట్ వేశాక హ్యాండిల్ తన బరువుకు తానే అటూ ఇటూ వాలాలి, కానీ లాగితే కదలిక ఉండకూడదు. ఈ రెండూ కుదిరేదాకా మెకానిక్ నట్టును కొంచెం కొంచెంగా సరిచేశాడు. సింగరాయకొండ, కావలి మీదుగా నెల్లూరు దాకా 80 దగ్గర బండి నిలకడగా వచ్చింది. పక్కగాలి తగిలినప్పుడు ముందు చక్రంలో కొద్దిపాటి కదలిక ఇంకా ఉంది. అది పెద్ద గుబ్బల టైరు వల్ల కావచ్చునని మెకానిక్ అనుమానం. రోడ్డు టైరు వేయించాక ఇదే దారిలో మళ్లీ నడిపి చూస్తాను.