1963: బర్మింగ్‌హామ్ దారి, సైగాన్ దారి

రెండూ ఒకే ఏడాది జరిగిన నిరసనలు, కానీ దారులు వేరు. అమెరికాలో బర్మింగ్‌హామ్‌లో మార్టిన్ లూథర్ కింగ్ బాప్టిస్టు పాస్టర్ కదా, నల్లజాతి వాళ్ళ హక్కుల ఉద్యమంలోకి వచ్చేవాళ్ళ దగ్గర ముందే ఒక కార్డు మీద సంతకం తీసుకునేవాళ్ళు, రోజూ యేసు బోధల్ని ధ్యానించాలి, చెయ్యెత్తకూడదు, నోరు జారకూడదు అని. మే నెలలో స్కూలు పిల్లలు రోడ్డెక్కితే పోలీసులు కుక్కల్ని వదిలారు, ఫైర్ హోస్‌లతో కొట్టారు. దెబ్బ నువ్వు తిను, సిగ్గు వాడికి రావాలి, అదీ లెక్క.

అప్పటి దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో కథ వేరు. బౌద్ధ జెండాలు ఎగరేయొద్దన్న అధ్యక్షుడు జియెమ్ ప్రభుత్వం మీద (ఆయన క్యాథలిక్ మళ్ళీ!) నిరసనగా జూన్ 11న తిక్ క్వాంగ్ డుక్ అనే భిక్షువు కారు దిగి నడిరోడ్డు మీద పద్మాసనం వేసుక్కూర్చుంటే పక్కనున్న భిక్షువు పెట్రోల్ పోశాడు, అగ్గిపుల్ల తనే గీసుకున్నాడు, మంటల్లో కూడా కదల్లేదు. తనమీద తను చేసుకున్నది హింస కాదా అంటే నాకూ డౌటే. 1965లో తిక్ న్యాట్ హన్ అనే ఇంకో వియత్నాం భిక్షువు కింగ్‌కి లెటర్ రాశాడు, ఇది ఆత్మహత్య కాదు, మా శత్రువు మనిషి కాదు, మనిషిలోని ద్వేషం, మూఢత్వం అని.

నాకైతే కింగ్ దారే ఎక్కువ నచ్చుతుంది, పదిమందీ నడవగలిగేది అదే. కానీ 1967లో అదే న్యాట్ హన్‌కి నోబెల్ శాంతి బహుమతి ఇవ్వమని కింగే సిఫార్సు చేశాడు, ఆ ఏడాది మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.