కాటలాన్ భవిష్యత్ కాలానికి సాఫ్ట్‌కతలా క్రియాపట్టిక: రూపాలకు బంగారం, వాడుకకు చాలదు

బార్సిలోనాకు చదువుకో ఉద్యోగానికో వెళ్లి అక్కడి భాష కాటలాన్ మొదలుపెట్టినవాళ్లు భవిష్యత్ కాలం కోసం డబ్బు పెట్టి ఏదీ కొనక్కర్లేదు. సాఫ్ట్‌కతలా అనే లాభాపేక్ష లేని సంఘం సైట్‌లో క్రియారూపాల పట్టిక ఉచితంగా ఉంది. క్రియ మూలరూపం కొడితే అన్ని కాలాల రూపాలూ ఆరు పురుషల్లో వచ్చేస్తాయి. రూపాల వరకు ఐదుకు ఐదు. ఏ రూపం ఎప్పుడు వాడాలో చెప్పడంలో మాత్రం ఐదుకు రెండు. అది పట్టిక పని కాదనుకోండి, కానీ కొత్తవాళ్లు బోల్తా పడేది అక్కడే.

ముందు రూపాలు. కింద రాసిన పలుకు బార్సిలోనా వైపుది. 'పాడు' అనే క్రియ కంతా. రాతలో చివర 'ర్' ఉంటుంది, మాటలో మింగేస్తారు. భవిష్యత్తులో ఆ 'ర్' బయటికొస్తుంది: కంతరే (పాడతాను), కంతరాస్, కంతరా, కంతరెమ్, కంతరెవ్, కంతరాన్. ఊనిక ఎప్పుడూ చివరి అచ్చు మీదే. అన్ని క్రియలకూ ఇవే ఆరు ప్రత్యయాలు, మినహాయింపు లేదు. మారేదల్లా వాటి ముందున్న భాగమే.

పట్టికలో అచ్చుల మీద పెట్టే గీతల దగ్గర కాస్త ఆగండి. మొదటి రూపంలో 'ఎ' మీద గీత కుడివైపుకు లేస్తుంది, రెండు, మూడు రూపాల్లో 'అ' మీద గీత ఎడమవైపుకు వాలుతుంది. మిగతా మూడింటికి గీతే లేదు. బహువచనంలో ఏకంగా గీత పెట్టేయడం మామూలుగా జరిగే తప్పు. అది చిన్నదేం కాదు. కంతరెమ్ అంటే 'పాడతాం'. అదే రాతలో నడిమి 'అ' మీద గీత పెడితే కంతారమ్, అంటే 'పాడాం'. పుస్తకాల్లోనూ వలెన్సియా ప్రాంతంలోనూ కనిపించే భూతకాలం అది.

మూలరూపం రాతలో 'రె'తో ముగిస్తే ఆ చివరి 'ఎ' పోతుంది: పెర్ద్రె (పోగొట్టుకో) కాస్తా పర్ద్రే అవుతుంది. స్పానిష్ వచ్చినవాళ్లు మధ్యలో ఇంకో 'ఎ' చేర్చేస్తారు, అది తప్పు. రాతలో 'ఎర్'తో ముగిసే కోర్రె (పరుగెత్తు) లాంటివాటిలో మాత్రం ఆ 'ఎ' ఉండిపోతుంది: కుర్రరే.

దారి తప్పినవి కొన్నే. తని (కలిగి ఉండు), బని (రా), బులే (కోరు) అనేవాటిలో అచ్చు జారిపోయి, 'న్' లేదా 'ల్'కి 'ర్' ఎదురుపడేచోట 'ద్' దూరుతుంది: తిన్‌ద్రే, బిన్‌ద్రే, బుల్ద్రే. పుదే (చేయగలుగు), సబే (తెలుసుకో) అయితే ఊరికే కుదించుకుంటాయి: పుద్రే, సబ్రే. 'వెళ్లు' అనే అనాకి అనిరే, 'చేయు' అనే ఫేకి ఫరే. ఈ ఏడూ నోటికొస్తే చాలావరకు గట్టెక్కినట్టే. పైగా 'అయితే చేసేవాణ్ణి' లాంటి అర్థానికి వాడే రూపానికీ ఇదే మొదలు, చివర 'రీఅ' చేరుతుంది: తిన్‌ద్రీఅ, బుల్ద్రీఅ.

ఇక పట్టిక హెచ్చరించని గొయ్యి. స్పానిష్, ఫ్రెంచ్, ఇంగ్లీషుల్లో 'వెళ్లు' క్రియను పక్కన పెట్టి 'చేయబోతున్నాను' అంటారు. కాటలాన్‌లో 'బాచ్ కంతా' అంటే అక్షరాలా 'వెళ్తాను పాడ' లాగే ఉంటుంది కానీ, అర్థం 'పాడాను'! రోజువారీ భూతకాలం అదే. డ్యుయొలింగో అనే భాషల యాప్‌లో కాటలాన్ కోర్సు స్పానిష్ మీదుగా మాత్రమే దొరుకుతుంది కాబట్టి, దాంతో మొదలుపెట్టేవాళ్లు ఈ ఒక్క విషయం ముందే కాగితం మీద రాసుకోవాలి.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా రెండు చిక్కులున్నాయి. 'రోజూ వస్తాను', 'రేపు వస్తాను' మనకు ఒకటే రూపం. అక్కడ 'రోజూ'కి వర్తమానం వాడాలి: కాద దీఅ బింక్. 'రేపు'కి దమా బిన్‌ద్రే అనాలి, మాటల్లో దమా బింక్ అన్నా సరిపోతుంది. రెండోది ఊహ. 'ఈపాటికి ఇంట్లోనే ఉంటాడు' అనడానికి మనం భవిష్యత్ రూపం వాడినట్టు అక్కడ వాడితే స్పానిష్ వాసన కొడుతుంది. దేవ్ సే అ కాజ అనాలి. ఈ 'దేవ్' వేరే క్రియ, ఊహకి అదే ప్రామాణికం.

షరతు వాక్యాల్లో మాత్రం మనకే లాభం. 'వాన పడితే రాను'లో 'పడితే'కి భవిష్యత్తు అంటదు, అక్కడా అంతే: సి ప్లొవ్, నొ బిన్‌ద్రే.

వాడుక సందేహాలకు ఒప్తిమోత్ ఉంది. కాటలోనియా ప్రభుత్వమూ, కాటలాన్ భాషకు ప్రమాణాలు నిర్ణయించే సంస్థా కలిసి నడిపే ఉచిత వెతుకులాట సేవ అది. జవాబులన్నీ కాటలాన్‌లోనే ఉంటాయి కాబట్టి మొదటి నెలలో అక్కరకు రాదు. వరసగా పాఠాలు కావాలంటే పార్ల.కాత్ అనే సైట్ చూడండి. సొంతంగా చదువుకుంటే ఉచితం, ట్యూటర్ కావాలంటే రుసుము కట్టాలి.

పట్టికలో ఇంకొక్కటి. 'మీరు' అనే బుస్తేకి విడి వరస కోసం వెతక్కండి. మనం గౌరవానికి బహువచనం వాడితే వాళ్లు ప్రథమ పురుష ఏకవచనం వాడతారు. 'మీరు వస్తారు' అంటే బుస్తే బిన్‌ద్రా, 'అతను వస్తాడు' ఉన్న గడిలోనే చూసుకోవాలి.