ఊటీ నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్ నూనె: వాడి చూశాక చెబుతున్నా

ఊటీలో ఒక చిన్న నూనెల షాపులో ఈ రెండూ కొన్నాను. నీలగిరి తైలం బాగుంది, మూత తియ్యగానే ఘాటు ముక్కుకెక్కుతుంది, జలుబు చేసినప్పుడు రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుని పీలిస్తే హాయి. అందులో ఎక్కువ భాగం సినియోల్ అనే ఘాటైన పదార్థం, వాపు తగ్గించే గుణం ప్రధానంగా దానిదే.

నాకు బాగా నచ్చింది మాత్రం వింటర్‌గ్రీన్, అదే పేరున్న మొక్క ఆకుల నుంచి తీసే నూనె. కొబ్బరినూనెలో కొన్ని చుక్కలు కలిపి అమ్మ మోకాళ్లకి రాస్తే మొదట చల్లగా, తర్వాత వెచ్చగా ఉంటుందట, ఆ పూటకి మెట్లు ఎక్కడం తేలికవుతోంది అంటోంది. అరిగిన కీలు దీంతో బాగైపోదు, నొప్పికి ఉపశమనం, అంతే. ఇది దాదాపు మొత్తం మిథైల్ సాలిసిలేటే, అంటే ఆస్పిరిన్ కుటుంబం, కాబట్టి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా రాయకండి. పిల్లలకి అస్సలు అందనివ్వొద్దు, ఒక్క చెంచా మింగినా ప్రాణం మీదికొస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతి సీసా మీద ఎక్కడా లేదు, షాపతనూ చెప్పలేదు, నాకు నిజంగా కోపం వచ్చింది అక్కడే. పైగా సీసాకి డ్రాపర్ లేదు, కాస్త వంచితే చాలు బొళుక్కున పడిపోతుంది, కొనేవాళ్లు డ్రాపర్ సీసా వేరే తెచ్చుకోండి.