ఎనిమిది చలికాలాలు వాడాక మా కట్టెల పొయ్యి

మసాచుసెట్స్‌లో మేం కొన్న ఇంట్లో ఇటుకలతో కట్టిన పాతకాలపు ఫైర్‌ప్లేస్ ఉండేది. చూడ్డానికి బాగుండేది కానీ, మంట వేస్తే వేడంతా పొగగొట్టంలోంచి పైకే పోయేది. హాల్లోని వెచ్చటి గాలిని కూడా వెంట లాక్కుపోయేది. 2017లో అందులో గాజు తలుపున్న ఇనప పొయ్యి పెట్టించాం. ఇక్కడ దీన్ని ఇన్సర్ట్ అంటారు. చిమ్నీ లోపల పైదాకా స్టీలు గొట్టం వేయించి, పర్మిట్ తీసుకుని, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూశాకే వెలిగించాం.

2018 మార్చిలో నార్ఈస్టర్ తుఫానులు, అంటే ఈ తీరంలో ఈశాన్య గాలులతో వచ్చే పెద్ద తుఫానులు, వరసగా వచ్చాయి. మాకు రెండు రోజులు కరెంటు లేదు, ఇంటి హీటింగ్ ఆగిపోయింది. ఆ రెండు రాత్రులూ అందరం ఈ పొయ్యి ఉన్న హాల్లోనే పడుకున్నాం. ఆ ఒక్కదానికే దీన్ని పెట్టించినందుకు సంతోషంగా ఉంది.

అయితే పొయ్యి ఎంత మంచిదైనా కట్టె తడిగా ఉంటే లాభం లేదు. మొదటి ఏడాది బాగా ఎండిందని చెప్పి అమ్మితే ఒక కార్డు ఓక్ కొన్నాను. కార్డు అంటే 128 ఘనపుటడుగుల మోపు. మంట సరిగ్గా అంటుకోదు, గాజు గంటలో నల్లబడుతుంది. అప్పుడు ఊరి నుంచి వచ్చి ఉన్న అమ్మ ఒక్కసారి చూసి, "ఇది పచ్చికట్టెరా, చివర్ల నుంచి నురగ వస్తోంది చూడు" అంది. తేమ మీటరు కొని, ఒక మొద్దును చీల్చి లోపలి వైపు పెట్టి చూస్తే 30 శాతం దాటింది. 20 కంటే తక్కువ ఉండాలి. ఆ వసంతంలో చిమ్నీ శుభ్రం చేయడానికి వచ్చినతను లోపలి నుంచి తారులా మెరిసే నల్లటి పెచ్చులు తీసి చూపించాడు. అది క్రియోసోట్. తడికట్టె పొగ చల్లబడి గొట్టానికి అలా పేరుకుంటుంది, ఒక రోజు అదే అంటుకుంటుంది. రాత్రంతా కాలాలని పొయ్యిలోకి వెళ్లే గాలి బాగా తగ్గించేసి పడుకునేవాణ్ణి, అది కూడా కారణమేనట. ఆ అలవాటు మానేశాను. చిమ్నీని ఏటా చూపిస్తున్నాను.

నాకు ఇప్పటికీ భయం కలిగించేది బూడిద. నివురుగప్పిన నిప్పు అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే, అయినా రెండో ఏడాది చల్లారిందనుకున్న బూడిదను కాగితం సంచిలో ఎత్తి వెనక చెక్క డెక్ మీద పెట్టాను. మర్నాడు మధ్యాహ్నానికి సంచి లేదు, కింద పలక అరచెయ్యంత మేర కాలిపోయింది. గాలి ఉన్న రోజైతే ఏమయ్యేదో! ఇప్పుడు మూత బిగుసుకునే ఇనప డబ్బాలోనే ఎత్తి, ఇంటికి దూరంగా నేల మీద పెడతాను. నాలుగైదు రోజులు ముట్టుకోను.

మన వంటకు సంబంధించిన సంగతి ఒకటుంది. తాలింపు వేస్తూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి ఉన్నప్పుడు పొయ్యి తలుపు తీస్తే పొగంతా హాల్లోకి వచ్చేసింది. ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి తోసేస్తే, ఆ లోటు తీర్చడానికి చిమ్నీలోంచి గాలి కిందికి దిగుతుంది. ఇప్పుడు తలుపు తీసేముందు ఫ్యాన్ ఆపి, పక్క కిటికీ కాస్త తెరుస్తాం. పొగ కనిపిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. అందుకే పడకగదుల దగ్గర అలారాలు పెట్టాం, నెలనెలా బటన్ నొక్కి చూస్తాం.

భోగి నాడు పిల్లలు విరిగిన కుర్చీ తెచ్చి ఇందులో వేద్దామంటారు. రంగు వేసిన చెక్క, గిఫ్ట్ కాగితాలు, అట్టపెట్టెలు ఇందులో వేయనివ్వను. కిరోసిన్ అసలే వద్దు. చిన్న చితుకులు పైన, పెద్ద మొద్దులు కింద పేర్చి పై నుంచి వెలిగిస్తే పొగ తక్కువ వస్తుంది.

కష్టం లేదని చెప్పను. కట్టెలు మోయాలి, గాజు తుడవాలి, మంట ఉన్నంతసేపూ చిన్నపిల్లల మీద కన్ను వేసి ఉంచాలి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే మాత్రం నేను కొనమని చెప్పను. మిగతావాళ్లు కట్టెలు ఎండబెట్టుకునే చోటు ఉంటేనే కొనండి. ఓక్ అయితే చీల్చాక రెండు వేసవులైనా ఎండాలి. వచ్చే ఏడాది చలికాలం తర్వాతి చలికాలానికి కావలసిన కట్టెలు మా పెరట్లో ఇప్పటికే పేర్చి ఉన్నాయి, పైన మాత్రమే కప్పి పక్కలు గాలికి వదిలేశాను.