అంబాసిడర్ గేర్‌బాక్స్ మరమ్మతు: వరంగల్ ఆటోనగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపు

మా నాన్నగారు వాడిన 1978 నాటి మార్క్ 3 అంబాసిడర్‌ను వీలైనంతవరకు దాని సొంత భాగాలతోనే కాపాడుకోవాలన్నది నా పట్టుదల. రెండో గేరు వేసినప్పుడల్లా కరకరమనడం, కాజీపేట వంతెన దిగుతూ యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయగానే గేరు దానంతటదే జారిపోవడం మొదలయ్యాక, ఇదివరకు చూపించిన చోట గేర్‌బాక్సు మొత్తం మార్చేయమన్నారు. ఆ మాట నచ్చక ఆటోనగర్‌లోని ఈ వర్క్‌షాపుకు తీసుకెళ్లాను.

మేస్త్రీ గేర్‌బాక్సును నా ఎదుటే విప్పారు. గేరు పడేముందు తిరిగే భాగాల వేగాలను సమం చేసే ఇత్తడి సింక్రో రింగును, అది కూర్చునే గేరు కోను (శంకువు ఆకారపు భాగం) మీద వేలితో నొక్కిపట్టి, రెండింటి పళ్ల మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) పెట్టబోతే అది దూరనే లేదు, అంటే రింగు అరిగిపోయిందన్నమాట. రింగు లోపలి వైపున, నూనె పొరను తెంచి కోనును పట్టుకోవలసిన సన్నని గాడులు అరిగి నున్నగా అయిపోయాయి. మూడు, నాలుగు గేర్ల రింగులు ఇంకా పనికొస్తాయని వాటిని అలాగే ఉంచి, రెండో గేరు రింగు, బేరింగులు, గేరు జారకుండా పట్టి ఉంచే, బలం తగ్గిన స్ప్రింగు మాత్రమే మార్చారు. ఈ నిగ్రహమే నాకు అన్నిటికంటే నచ్చింది. ఒకటో గేరుకు అసలు సింక్రోయే ఉండదని, బండి పూర్తిగా ఆగాకే అది వేయాలని మా అబ్బాయికి ఓపికగా చెప్పారు.

నూనె విషయంలోనూ ఆయన జాగ్రత్త మెచ్చుకోదగింది. పాతచోట పోసిన జీఎల్-5 రకం (గేరు నూనెల్లో ఒక శ్రేణి) నూనెలో గంధకపు రసాయనాల మోతాదు ఎక్కువని, కొన్నింటివల్ల ఇత్తడి భాగాలు దెబ్బతినే ప్రమాదముందని చెప్పి, దాన్ని పూర్తిగా దింపి జీఎల్-4 పోశారు.

కూలి 7,000 రూపాయలు, సామాన్ల ఖర్చు వేరు. అది న్యాయమైన ధరేనని నా అభిప్రాయం. అయితే వారమని చెప్పిన పనికి ఇరవై రోజులు పట్టింది, అడిగేదాకా బిల్లు రాసివ్వలేదు. వెనుక సీలు దగ్గర రెండు మూడు చుక్కలు కారుతున్నాయని చెబితే మాత్రం మారుమాట లేకుండా, డబ్బు తీసుకోకుండా మళ్లీ దింపి సరిచేశారు. మొన్న రామప్ప దాకా వెళ్లి వచ్చాం. దారి పొడవునా రెండో గేరు ఒక్కసారీ జారలేదు.